గడ్డి ఎవరిది?

తెలుగులో గడ్డికి మర్యాద తక్కువ. తప్పుడు పని చేసినవాణ్ణి పట్టుకుని "గడ్డి తిన్నావా?" అంటాం. లెక్కచేయని మనిషిని గడ్డిపోచ కింద తీసిపారేస్తాం. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దొంగకు దొరికిన సాకు కూడా దూడగడ్డే. వినాయకచవితి నాడు ఇరవైయొక్క పత్రిలో గరికకు చోటిచ్చి ఒక్కపూట నెత్తిన పెట్టుకుంటాం, మర్నాటికి అది మళ్ళీ కాలికింద గరికే. అలాంటి గడ్డికి పట్నంలో మాత్రం మనిషికి లేని గౌరవం దక్కింది. బెంగుళూరులో ఏ పేటలోని పార్కుకు వెళ్ళినా "హుల్లిన మేలె నడెయబేడి" అన్న పలక ఎదురవుతూనే వుంటుంది. మదరాసులో అదే మాట తమిళంలో వుంటుంది, ముంబయిలో మరాఠీలో. భాష మారినా ఆజ్ఞ ఒక్కటే. చూడవచ్చు, తొక్కరాదు.

పలక పెట్టినవారిని వెక్కిరించడం తేలిక. నేనా పని చేయబోవడం లేదు. కాని అక్కడ ఒక ధర్మసందేహం వుంది. అందరిదీ అయిన వస్తువును ఎవరికీ అందకుండా చేసి కాపాడితే అది కాపాడినట్టవుతుందా? గడ్డివాము దగ్గర కుక్క సంగతి మనకు తెలుసు. తాను తినదు, ఎద్దును తిననివ్వదు. అయితే ఆ కుక్క వల్ల గడ్డి మిగిలిన మాట కూడా నిజమే గదా! మిగలడమే పరమార్థమైతే కుక్కను మించిన ఉద్యానశాఖ లేదు.

మనం తరాలుగా స్థిరపడిన ప్రతి చోటా పశువుల మేతకు వదిలిన వూరుమ్మడి నేలకు ఒక పేరు వుంది. కర్ణాటకలో గోమాళ, మహారాష్ట్రలో గాయరాన్, ఒడిశాలో గోచర్, తమిళనాట మేయ్చల్ పొరంబోకు. తెలంగాణ వైపు బంచరాయి అంటారు. పేరు ఏదైనా ఆ గడ్డి పెరిగేది నోట్లో పడటానికే. అక్కడ ఆంక్ష గడ్డి మీద లేదు, హద్దు మీద వుంది. వూరుమ్మడిలో ఎంత మేసినా అడిగేవాడు లేడు, పక్కవాడి చేలో పడితే మాత్రం గొడ్డును బందెలదొడ్డికి తోలేవారు. దానికి 1871లోనే పశువుల అక్రమ ప్రవేశ చట్టం వచ్చింది. తమాషా ఏమంటే, 1992లో ఆమోదించి 1993 నుంచి అమలులోకి తెచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనులను పన్నెండో షెడ్యూలులో 18 అంశాలుగా రాసింది. అందులో 12వ అంశం పార్కులు, తోటలు, ఆటస్థలాలు. 15వ అంశం బందెలదొడ్లు. పచ్చిక పెంచే బాధ్యత, దాన్ని మేసేవాటిని పట్టి కట్టేసే బాధ్యత ఒకే కార్యాలయం గడపలోకి వచ్చాయన్నమాట.

పల్లెను నేను బంగారం చేసి చెప్పడం లేదు. ఎవరి గొడ్లు చెరువుగట్టు దాకా రావచ్చునో, ఎవరివి రాకూడదో కులం తేల్చిన వూళ్ళు మన పెద్దలు విడిచివచ్చిన వూళ్ళే. అందులో కొందరు విడిచివచ్చిన కారణం కూడా అదే. వూరుమ్మడి అన్నంత మాత్రాన అందరి చేతికీ అందిందని కాదు. బలవంతులు దాన్ని మింగుతూనే వచ్చారు. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, దేశమంతటా గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించమని రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చిందంటే ఎంత మింగారో వూహించుకోవచ్చు. నేను చెప్పేదల్లా ఒక్కటే. అక్కడ గడ్డి మంచిచెడులను దాన్ని వాడుకున్న ప్రాణిని చూసి తేల్చేవారు. పశువు డొక్క నిండితే బీడు బాగున్నట్టు.

పట్నం ఆ లెక్క ఎలా మార్చిందో ముంబయి చెబుతుంది. అక్కడ 1822లో ఇంగ్లీషు దొరతనం పశువుల మేత మీద రుసుము పెట్టిందని, పేదవాళ్ళు కట్టలేకపోయారని చెబుతారు. 1838లో జంషెట్జీ జీజీభాయి అనే పారశీ వర్తకుడు ఠాకుర్‌ద్వార్ దగ్గర సముద్రపు వొడ్డున ఇరవై వేల రూపాయలు పెట్టి గడ్డినేల కొని, గొడ్లను వూరికే మేయనిచ్చాడట. లోకల్ రైలు ఆగే చర్నీరోడ్డుకు ఆ పేరు ఈ మేత వల్లనే వచ్చిందని ఒక కథనం, కాదని ఇంకొకటి. పేరు సంగతి ఎలావున్నా, గడ్డి కోసం ఒక మనిషి డబ్బు పోసి, దాన్ని తినేవారికి వదిలేయడాన్ని ఆ వూరు ధర్మం కింద జమకట్టుకుంది. ఈ రోజు ఒక కార్పొరేషను అదే పని చేస్తే నిర్లక్ష్యం అంటాం.

చూడటానికి మాత్రమే పెంచే పచ్చిక మనకు ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ కూడా మొదట దాన్ని గొర్రెలు మేసేవి, లేదా కూలీలు పెద్ద కొడవళ్ళతో కోసేవారు. 1830లో గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనేవాడు గడ్డి కోసే యంత్రం చేశాడు. దాని ఆలోచన అతనికి ఎక్కడ తట్టిందనుకున్నారు? బట్టల మిల్లులో. నేసిన ఉన్నిబట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి, నేల మీది గడ్డిని కూడా అలాగే కత్తిరించవచ్చుననుకున్నాడు. షోలాపూరు, భివండీల్లో మగ్గం ఎరిగిన పాఠకులకు ఈ సంగతి ఇంపుగా వుంటుందని రాస్తున్నాను. అప్పటినుంచి పచ్చిక కూడా ఒక బట్ట అయింది. మడత నలగకూడదు, మరక పడకూడదు. ఇస్త్రీ చేసిన పంచె మీద ఎవరినైనా కూర్చోనిస్తామా?

ఇంగ్లండులో ఆ బట్టకు ఆకాశమే నీళ్ళు చల్లుతుంది, ఏడాది పొడుగునా వాన. మన దగ్గర ఆ పని గొట్టం చేయాలి. లెక్క కష్టమైనదేం కాదు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిపితే ఒక లీటరు. వేసవిలో పచ్చికకు రోజుకు నాలుగు మిల్లీమీటర్లనుకుంటే, 4,047 చదరపు మీటర్ల ఎకరానికి పదహారువేల లీటర్ల పైచిలుకు. నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం. అంటే ఒక ఎకరం పచ్చిక 120 మంది తాగి, వండుకుని, స్నానం చేసేటంత నీరు తాగుతుంది. 2024 మార్చిలో బెంగుళూరులో బోర్లెండి జనం ట్యాంకర్ల వెంట పరుగెత్తుతున్నప్పుడు, తాగునీటిని తోటలకు, కార్లు కడగడానికి వాడితే అయిదువేలు జరిమానా అని జలమండలి ఉత్తర్వు వేసింది. అప్పుడు అందరికీ గడ్డి ఎంత తాగుతుందో గుర్తొచ్చింది. కబ్బన్ పార్కులో, లాల్‌బాగులో మురుగునీటిని శుద్ధిచేసి చెట్లకు, పచ్చికకు పెట్టే ఏర్పాటు వుంది. అది మంచి పని. చిన్న పార్కులకు అంత భాగ్యమెక్కడిది?

ఇక పలక పెట్టినవారి పక్షం. వాళ్ళదీ వొట్టి అధికార దర్పం కాదు. మనిషి అడుగు పడ్డచోట మట్టి గట్టిపడుతుంది, మట్టిలోని గాలి పోతుంది, వేరుకు వూపిరాడదు. పదిమంది నడిస్తే గడ్డి పడుకుని లేస్తుంది, పదివేలమంది నడిస్తే చస్తుంది. ఆ తరువాత మిగిలేది దుమ్ము. దుమ్మంటే ఏమిటో ముంబయి దాదరులో శివాజీపార్కు చుట్టుపక్కల వున్నవారిని అడగాలి. ఇరవై ఎనిమిదెకరాల ఆ మైదానంలో క్రికెట్టు ఆడనివాడు, సభకు వెళ్ళనివాడు, నడవనివాడు లేడు. 1925లో మాహిం పార్కుగా తెరిచి, రెండేళ్ళకు శివాజీ పేరు పెట్టిన ఆ నేల నిజంగా జనానిది. అంత జనానిది కనకనే అక్కడ గడ్డి నిలవదు. పోసిన ఎర్రమట్టి వేసవిగాలికి లేచి ఇళ్ళలోకి, గొంతుల్లోకి పోతుంది. అక్కడివారు ఏళ్ళతరబడి మొరపెట్టుకుంటే కార్పొరేషను నీళ్ళు చల్లింది, గడ్డి వేయించింది, వాననీటి గుంటలు తవ్వించింది, అయినా గొడవ తెగలేదు. వాడుకోనివ్వండి, అంతా సర్దుకుంటుంది అని చేతులు దులుపుకునేవారికి ఆ దుమ్మే జవాబు. దగ్గే ముసలాయనకు కూడా ఆ మైదానం మీద హక్కుంది మరి.

అయితే ఆ న్యాయం అందరి విషయంలోనూ ఒకేలా నడుస్తున్నదా అన్నదే నా అనుమానం. చాలాకాలం బెంగుళూరు పేటల్లోని పార్కులకు పొద్దున ఒక వేళ, సాయంత్రం ఒక వేళ. నడుమ తాళం. పొద్దున వచ్చేవారు ఎవరు? బూట్లు వేసుకుని, చుట్టూ రాళ్ళు పరచిన బాట మీద తిరిగి వెళ్ళేవారు. వాళ్ళకు గడ్డి అక్కరలేదు, పచ్చగా కనిపిస్తే చాలు. నడివేసవి మిట్టమధ్యాహ్నం నీడ కావలసింది ఎవరికి? తోపుడుబండి ఆపుకున్నవాడికి, ఇంటింటా సరుకులు అందించే కుర్రాడికి, తాపీపనివాడికి, నాలుగిళ్ళలో పాచిపని చేసి అయిదో ఇంటికి వెళ్ళవలసిన మనిషికి. సరిగ్గా ఆ వేళకే తాళం. గడ్డికి విశ్రాంతి కావాలంటారు. కావాలి, కాదనను. కాని విశ్రాంతి అవసరమైన రెండింటిలో ఒకటి గడ్డి అయినప్పుడు రెండోదాని సంగతి ఎవరైనా ఒకమాటు తలుచుకోవాలి గదా.

బెంగుళూరు వీధులూడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడేవారే ఎక్కువని అక్కడివారందరికీ తెలిసిన సంగతి. పార్కుల్లో కలుపు తీసే ఆడవాళ్ళ నోట కూడా మన మాట తరచు వినిపిస్తుంది. ఒక పార్కులో, పేరు అనవసరం, నలుగురు మధ్యాహ్నం అన్నం మూటలు విప్పుకుని సిమెంటు గట్టు మీద ఎండలో కూర్చున్నారు. నాలుగడుగుల దూరంలో చెట్టునీడ, నీడలో పచ్చిక. అక్కడ కూర్చుని తినరాదా అమ్మా అని అడిగితే, మదనపల్లె వైపు మనిషి కాబోలు, నవ్వింది. "సూపర్‌వైజరు చూస్తే తిడతాడు సామీ. మేం కూర్చుంటే గడ్డి నలిగిపోతాదంట. పొద్దస్తమానం దానిమింద కూర్చోనే గదా కలుపు పీకేది!"

ఆ మాటలో ఏ తత్వశాస్త్రమూ లేదు, కాని దాన్ని దాటి వెళ్ళే వాదన నాకింతవరకు దొరకలేదు. పనిచేస్తూ కూర్చుంటే నలగని గడ్డి అన్నం తింటూ కూర్చుంటే నలుగుతుంది. అంటే కాపాడుతున్నది గడ్డిని కాదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న పాత వరసను. గడ్డి దానికి పేరు పెట్టుకున్న సాకు, తాటిచెట్టు మీది దూడగడ్డి లాగే. అశోకవనంలో సీత తనకూ రావణుడికీ మధ్య ఒక గడ్డిపరక పెట్టి మాట్లాడింది. అది దిక్కులేని మనిషి బలవంతుడికి వేసిన హద్దు. మన పార్కుల్లో ఆ పరకను తీసుకుని బలవంతులు దిక్కులేనివాళ్ళకు హద్దు వేస్తున్నారు.

గడ్డికి నిజమైన భయం పాదాల వల్లనా అన్నది ఇంకో ప్రశ్న. మదరాసులో 1859-60లో గవర్నరుగా వున్న సర్ చార్లెస్ ట్రెవిలియన్ పూనికతో సెంట్రల్ స్టేషను దాపున పీపుల్స్ పార్కు వెలిసింది. అంటే ప్రజల తోట. వైశాల్యం 116 ఎకరాలు. చెరువులు, బాటలు, జంతుశాల, అన్నీ వుండేవి. దాన్ని ఎవరూ తొక్కి చంపలేదు. 1880లలో ఒక మూల విక్టోరియా హాలు వచ్చింది. 1900 నాటికి మూర్ మార్కెట్టు వచ్చింది. 1913లో సాక్షాత్తూ కార్పొరేషను వారి రిప్పన్ భవనమే ఆ నేలలో లేచింది. ఆపైన స్టేడియం. ఒక్కొక్కటీ మంచి పనే, ఒక్కొక్కటీ ప్రజల కోసమే. మిగిలింది మైలేడీస్ గార్డెన్ అనే చిన్న తునక. కంచే చేను మేసిందన్న సామెత పుట్టింది పొలం గట్టున, కాని దానికి ఇంతకన్న సొంపైన వుదాహరణ వుంటుందనుకోను. త్యాగరాయనగరులో, మన పానగంటి రామరాయణింగారి పేరు మోస్తున్న పానగల్ పార్కులో కూడా మెట్రో రెండో దశ కోసం కొంతమేర తవ్వారు. రైలు కావలసిందే. నేనంటున్నది, ఇన్నేళ్ళలో జనం పాదాలు ఒక్క ఎకరం నేలను కూడా మాయం చేయలేదని. అరిగిన గడ్డి నాలుగు వానలకు తిరిగి వస్తుంది. మాయం చేసినవి కలాలు. "ఫైలు మీద నడవరాదు" అన్న పలక ఎక్కడా చూడలేదు.

చేయగలిగింది లేదా అంటే వుంది. బీడు పెట్టడం మన రైతుకు ఒకరు నేర్పాలా? పార్కును నాలుగు మడులు చేసి, మూడింటిని జనానికి వదిలి ఒకదాన్ని నెలరోజులు తాడు కట్టి వూరుకోబెట్టవచ్చు, మరునెల ఇంకొకదాన్ని. అప్పుడు పలక మీద "నడవరాదు" అని కాక "ఇది ఈ నెల విశ్రాంతిలో వుంది, పక్కదానిలో కూర్చోండి" అని రాసుకోవచ్చు. రెండో వాక్యంలోనే వుంది మర్యాదంతా. మెత్తగా కనిపించే కొరియా గడ్డిని పరచి, అది నలుగుతున్నదని ఏడవడం కన్న మన గరికనే పెంచవచ్చు. గరిక ఎండితే గోధుమరంగుకు తిరుగుతుంది, చావదు. నేలలోపల పాకిన దుంపకాడ తొలకరి కోసం ఎదురుచూస్తూ పడివుంటుంది. ఏప్రిల్ నెలలో పచ్చగా లేకపోవడం పార్కు తప్పు కాదని ఒప్పుకోగలిగితే పదహారువేల లీటర్లు మిగులుతాయి. ఇంగ్లండులోనే 2019 నుంచి ప్లాంట్‌లైఫ్ అనే సంస్థ మే నెలంతా గడ్డి కోయకండి, పూలు పూయనివ్వండి, తేనెటీగలు బతకనివ్వండి అని ప్రచారం చేస్తున్నది. బడ్డింగ్ దేశమే కత్తెర పక్కన పెట్టడం నేర్చుకుంటుంటే మనకెందుకు ఇంత ఇస్త్రీ పిచ్చి?

కాలిబాటల సంగతి కూడా అంతే. జనం గడ్డి మీద అడ్డంగా పడి నడిచి ఒక గీత పడితే, ఆ గీత తప్పు కాదు, అక్కడ బాట కావాలని జనం పెట్టుకున్న అర్జీ. ముంబయిలో ఓవల్ మైదానం నడుమనుంచి ఒక బాట వుంది. చర్చిగేటు వైపునుంచి హైకోర్టు వైపు పోయే జనం రోజూ దానిమీద పోతూనే వుంటారు. 2018లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన ప్రాంతమది. రెండుపక్కలా ఆట నడుస్తుంది, గడ్డీ బతుకుతుంది. బెంగుళూరు కబ్బన్ పార్కులో 2023 జనవరి నుంచి ప్రతి శనివారం కొందరు చాపలు పరచుకుని పచ్చిక మీద మౌనంగా పుస్తకాలు చదువుకుంటున్నారు. గడ్డి ఏమీ అనలేదు. అన్నం మూట విప్పినా అననట్టే వుంటుంది, పుస్తకం విప్పినవారికున్న చనువు మూట విప్పినవారికి ఇస్తే.

2024లో బెంగుళూరు పార్కులను పొద్దున 5 నుంచి రాత్రి 10 దాకా తెరిచి వుంచుతామని ప్రకటించారు. 2025 సెప్టెంబరులో బృహత్ బెంగుళూరు మహానగర పాలికె పోయి, దాని చోట అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. మూడు లక్షలు గాని అంతకు మించి గాని జనాభా వుంటే వార్డు కమిటీలుండాలని అదే 74వ సవరణ చెబుతోంది. మనవాళ్ళు వార్డు సభలకు వెళ్ళరు, మన వూరు కాదుగదా అనుకుంటారు, నాలుగు తరాలు అక్కడే పుట్టి పెరిగినా సరే. వెళితే ఒక్క కాగితం అడిగి చూడండి, పార్కు నిర్వహణ టెండరు. గడ్డి ఎన్ని చదరపు మీటర్లో అందులో వుంటుంది. ఎన్నాళ్ళకొకసారి కోయాలో, ఎంత ఎరువు వేయాలో, ఎన్ని పూటలు తడపాలో వుంటుంది. కలుపు తీసేవాళ్ళు మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని అన్నం తినాలో రాసివుందేమో వెతకండి. లేకపోతే ఆ ఒక్క వాక్యం చేర్చమని అడగండి. దానికి నీళ్ళక్కరలేదు, ఎరువక్కరలేదు.